వరదలో తడిసిన 12 పదాల కాగితం: నా వాలెట్ తిరిగి వస్తుందా?

బెజవాడ_బాబు | 22 సెప్టెంబర్ 2024, రాత్రి 8:41

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. అమ్మని, పిల్లల్ని మేడ మీదికి ఎక్కించేసరికి కింద గదుల్లో ఛాతీ లోతు నీళ్లు. బీరువా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక దిగి చూస్తే అడుగు అరలో ఉన్న కాగితాలన్నీ బురదతో అంటుకుపోయి ఉన్నాయి.

అందులోనే నా బిట్‌కాయిన్ వాలెట్ 12 పదాల కాగితం ఉంది, ఫోన్ పోయినా వాలెట్‌ని తిరిగి తెచ్చుకోవడానికి రాసుకునే ఇంగ్లీషు పదాలు. 2018 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ బ్యాంకులకు క్రిప్టో లావాదేవీలు ఆపెయ్యమని మూడు నెలల గడువు ఇచ్చింది కదా. అప్పుడు టెన్షన్ పడి, క్రిప్టో కొని అమ్మే ఎక్స్‌ఛేంజీలో ఉన్నదంతా తీసి ఫోన్‌లో సొంత వాలెట్ పెట్టుకున్నాను. మళ్లీ ముట్టుకోలేదు. పెద్దమ్మాయి చదువుకని ఉంచాను. ఆ పాత ఫోన్ కూడా అదే బీరువాలో ఉంది. రిపేరు షాపులో విప్పి చూసి, బోర్డు మొత్తం తుప్పు పట్టేసింది, లాభం లేదన్నారు.

కాగితం ఫొటో పెడుతున్నాను. పది పదాలు చదవడానికి వస్తున్నాయి. ఎనిమిదోది, పదకొండోది పోయాయి. దారి ఏమైనా ఉందా?

[ఫొటో తొలగించబడింది – మోడరేటర్]

మోడరేటర్ | రాత్రి 8:59

బాబు గారూ, ఫొటో తీసేశాను. 18 నిమిషాలు బయట ఉంది. ఆ పదాలు తెలిసినవాడు మీ డబ్బు తీసేసుకోగలడు. దయచేసి మళ్లీ పెట్టకండి, ఒక్క పదం కూడా ఇక్కడ రాయకండి. మీకు ప్రైవేట్ మెసేజ్‌లు వస్తాయి, "మేము రికవరీ చేస్తాం, పదాలు పంపండి", "ఈ లింకులో వాలెట్ వెరిఫై చేసుకోండి" అని. ఎవరికీ జవాబు ఇవ్వొద్దు. సాయం చేసేవాళ్లు అందరికీ కనిపించేలా ఇక్కడే రాస్తారు.

గణితం_మాస్టారు | రాత్రి 9:06

బాబు గారూ, మీ డబ్బు వచ్చే అవకాశం చాలా బాగుంది. ఆ ధైర్యంతోనే మిగతాది చదవండి. కానీ పని ఈ రాత్రికే అయిపోవాలి. ఎందుకో చెబుతాను.

ఈ పదాలు ఇష్టం వచ్చిన ఇంగ్లీషు పదాలు కావు. బీఐపీ-39 అనే ప్రమాణంలో 2048 పదాల జాబితా ఉంది, అందులోవే అయి ఉండాలి. పైగా 12 పదాల్లో చివరి 4 బిట్లు (కంప్యూటర్ వాడే 0, 1 అంకెలు) సరిచూసుకోవడానికే ఉంటాయి. అంటే అడ్డదిడ్డంగా 12 పదాలు పేరిస్తే పదహారింటిలో ఒకటే చెల్లుతుంది. రెండు పదాలు పూర్తిగా పోతే 2048ని 2048తో హెచ్చించాలి, 41,94,304. పదహారో వంతు అంటే 2,62,144. మామూలు కంప్యూటర్‌కైనా ఇది కొన్ని గంటల లోపే అయ్యే పని.

మీకు ఇంత తేలికైతే, ఆ ఫొటో దాచుకున్నవాడికీ అంతే. అందుకే తొందర పెడుతున్నాను.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఆ రెండు పదాల చోట ఒక్క అక్షరమైనా కనబడుతోందా? రెండు, 2018లో ఎక్స్‌ఛేంజీ నుంచి పంపినప్పటి ఈమెయిల్ ఉందా? అందులో మీ వాలెట్ చిరునామా ఉంటుంది, అంటే బిట్‌కాయిన్ వచ్చి చేరే ఖాతా నంబరు లాంటిది.

ఇనుప_అక్షరం | రాత్రి 9:11

అన్నా, కాగితాన్ని లైటు కింద పైనుంచి చూడొద్దు. గదిలో లైట్లు ఆపెయ్, ఫోన్ టార్చ్‌ని బల్లకి ఆనించినట్టు పక్క నుంచి వెయ్. సిరా కరిగిపోయినా పెన్ను నొక్కిన గాడి ఉంటుంది, నీడలో అక్షరం తేలుతుంది. మా షాపులో చెరిగిపోయిన మెషీన్ నంబర్లు ఇలాగే చదువుతాం. కాగితాన్ని రుద్దొద్దు, మడత దగ్గర లాగొద్దు.

బెజవాడ_బాబు | రాత్రి 9:38

ఇనుప_అక్షరం అన్నా, దండం పెడతాను. జెల్ పెన్నుతో రాశాను, ఆ చోట నీలం మరక తప్ప ఏమీ లేదు. నువ్వు చెప్పినట్టు టార్చ్ పక్కనుంచి వేసి, కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఎనిమిదో పదంలో మొదటి మూడు అక్షరాల గాడి తెలుస్తోంది. పదకొండోది ఉన్న చోట కాగితమే చిరిగి పోయింది.

ఈమెయిల్ దొరికింది మాస్టారూ. 2018 జూన్‌ది. చిరునామా 3తో మొదలవుతుంది.

ఈలోపు మూడు ప్రైవేట్ మెసేజ్‌లు వచ్చాయి. ఒకాయన 90 శాతం గ్యారంటీ అంటున్నాడు, ముందు 15 వేలు కట్టమంటున్నాడు.

మోడరేటర్ | రాత్రి 9:41

ఆ మూడు ఖాతాలూ ఆపేశాం. ఎవరైనా ఇప్పటికే ఇలాంటివాళ్లకి డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గణితం_మాస్టారు | రాత్రి 9:52

అద్భుతం. ఈ జాబితా కూర్పులో ఒక మేలు ఉంది. ఏ రెండు పదాలకీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు. అందుకే మూడు అక్షరాలు దొరికితే మిగిలేవి గుప్పెడే. ఉదాహరణకి (మీవి ఏవో నాకు చెప్పకండి) ఎస్, టి, ఆర్ అనుకుందాం. జాబితాలో స్ట్రాటజీ, స్ట్రీట్, స్ట్రైక్, స్ట్రాంగ్, స్ట్రగుల్ అని అయిదే ఉన్నాయి. అయిదుని 2048తో హెచ్చిస్తే 10,240. పదహారో వంతు 640. ఇంతే వెతకాలి.

బీటీసీరికవర్ అనే ఉచిత టూల్ ఉంది, పైథాన్‌లో నడుస్తుంది, కోడ్ అందరికీ కనిపించేలా ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. నెట్ ఉండగానే టూల్ ఎక్కించుకోండి. తర్వాత వైఫై ఆపెయ్యండి, రూటర్ ప్లగ్ కూడా పీకెయ్యండి. అప్పుడే పదాలు టైప్ చేయాలి. తెలిసిన పది పదాలూ వాటి స్థానాల్లో, ఎనిమిదో చోట సరిపోయే పదాలు, పదకొండో చోట మొత్తం జాబితా. పోల్చడానికి ఈమెయిల్లోని చిరునామా ఇవ్వండి. దాన్ని పుట్టించే 12 పదాలు తగలగానే టూల్ ఆగి చూపిస్తుంది.

వెబ్‌సైట్‌లో పదాలు కొట్టి వెతికే "సేవలు" ఏవీ వాడకండి.

డల్లాస్_తెలుగు | రాత్రి 10:20

బాబు గారూ, ఉబుంటు దగ్గర ఎక్కడ ఆగినా అడగండి. నాకిక్కడ మధ్యాహ్నమే, కంప్యూటర్ ముందే ఉన్నాను.

బెజవాడ_బాబు | 23 సెప్టెంబర్ 2024, తెల్లవారుజామున 1:17

దొరికింది!!! 12 పదాలూ దొరికాయి. టూల్ నడిచింది నిమిషం లోపే, దాన్ని ఎక్కించడానికే మూడు గంటలు పట్టింది. మా ఆవిడ పక్కనే కూర్చుని పదాలు ఒక్కొక్కటే చదివింది.

బెజవాడ_బాబు | తెల్లవారుజామున 1:34

మాస్టారూ, ఉన్నారా? కొత్త ఫోన్‌లో వాలెట్ యాప్ వేసి పదాలు కొట్టాను. తీసుకుంది. కానీ బ్యాలెన్స్ సున్నా చూపిస్తోంది. పాత లావాదేవీ కూడా లేదు. ఎవడో తీసేశాడా? చేతులు వణుకుతున్నాయి.

గణితం_మాస్టారు | తెల్లవారుజామున 1:37

ఉన్నాను, ఎక్కడికీ వెళ్లలేదు. ముందు గుక్కెడు నీళ్లు తాగండి. మీ పాత చిరునామాని ఏదైనా బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ చూపించే వెబ్‌సైట్‌లో, పెట్టి చూడండి. చిరునామా బహిరంగమైనదే, చూస్తే ప్రమాదం లేదు.

బెజవాడ_బాబు | తెల్లవారుజామున 1:41

అక్కడ ఉంది. మొత్తం అలాగే ఉంది. మరి యాప్‌లో ఎందుకు లేదు?

గణితం_మాస్టారు | తెల్లవారుజామున 1:49

యాప్ వేరే గదిలో వెతుకుతోంది, అంతే. 12 పదాల నుంచి పుట్టేది ఒక్క చిరునామా కాదు, లెక్కలేనన్ని. ఏ దారిన వెళ్లి చిరునామాలు పుట్టించాలో చెప్పేదాన్ని డెరివేషన్ పాత్ అంటారు. 1తో మొదలయ్యే పాతకాలం చిరునామాలకి 44 అంకె ఉన్న దారి, 3తో మొదలయ్యేవాటికి 49, బీసీ1క్యూ అని మొదలయ్యేవాటికి 84. మీరు వాలెట్ పెట్టుకున్న 2018లో కొన్ని యాప్‌లు 49నే ఇచ్చేవి. ఇప్పటివి మీరు అడగకపోతే ఎక్కువగా 84లోకే వెళ్తాయి. పదాలు సరైనవే కాబట్టి తప్పు అని చెప్పదు, ఆ దారిలో ఏమీ లేదు కాబట్టి సున్నా చూపిస్తుంది.

వాలెట్ తీసేసి మళ్లీ ఇంపోర్ట్ చేయండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో నెస్టెడ్ సెగ్‌విట్ లేదా బీఐపీ-49 అని ఉంటుంది, అది ఎంచుకోండి. యాప్‌లో ఆ ఎంపికే లేకపోతే ఎలక్ట్రమ్ అనే వాలెట్ యాప్ వాడండి. అయితే ఎలక్ట్రమ్ సొంత పదాల పద్ధతి వేరు. పదాలు కొట్టే పేజీలోనే బీఐపీ-39 ఎంచుకోకపోతే మీ పదాలు చెల్లవంటుంది.

బెజవాడ_బాబు | తెల్లవారుజామున 2:03

వచ్చింది మాస్టారూ. 2018 జూన్ లావాదేవీ కనిపిస్తోంది. మా ఆవిడ ఏడ్చేసింది. ఇప్పుడే కొత్త వాలెట్‌కి పంపించెయ్యనా? ఫొటో గురించే భయంగా ఉంది.

గణితం_మాస్టారు | తెల్లవారుజామున 2:08

పంపాలి. కానీ ఇంకో 15 నిమిషాలు ఆగి, ఈ వరసలో చేయండి. కొత్త వాలెట్ సృష్టించండి. కొత్త 12 పదాలు బాల్‌పెన్నుతో రాయండి, జెల్ వద్దు. మొదటి చిరునామా విడిగా రాసుకోండి. ఇప్పుడు ఆ కొత్త వాలెట్‌ని యాప్‌లోంచి తీసెయ్యండి. అవును, తీసెయ్యండి, అందులో ఇంకా పైసా లేదు కదా. కాగితం చూసి తిరిగి తెచ్చుకోండి. అదే మొదటి చిరునామా వచ్చిందా? వస్తేనే పంపాలి. అప్పుడు ముందు చిన్న మొత్తం, అది చేరాక మిగతాది. లావాదేవీ త్వరగా అయ్యేలా ఈ రాత్రికి ఫీజు కొంచెం ఎక్కువే పెట్టండి.

కాగితం చూసి ఒక్కసారైనా తిరిగి తెచ్చుకోని వాలెట్‌కి బ్యాకప్ ఉన్నట్టు నేను ఒప్పుకోను. తొందరలో ఒక్క పదం తప్పు రాసి, అందులోకే మొత్తం పంపినవాళ్లని చూశాను.

బెజవాడ_బాబు | తెల్లవారుజామున 3:12

అయిపోయింది. రెండూ కన్ఫర్మ్ అయ్యాయి. మీరు చెప్పింది ఎంత నిజమంటే, మొదటిసారి తిరిగి తెచ్చుకోబోతే చెల్లలేదు. అయిదో పదంలో ఒక అక్షరం తప్పు రాశాను. వెనక్కి వెళ్లి కొత్త వాలెట్ మొదటి నుంచి చేశాను. మీరు ఆపకపోతే ఏమయ్యేదో. మీ కాళ్లకి దండం.

మాధవి_కూకట్‌పల్లి | 23 సెప్టెంబర్ 2024, ఉదయం 8:20

రాత్రి జరిగిందంతా ఇప్పుడే ఊపిరి బిగబట్టి చదివాను. బాబు గారూ, చాలా సంతోషం.

సున్నా బ్యాలెన్స్ అంటే నాకు ఇంకో అనుభవం ఉంది, కొత్తవాళ్లకి పనికొస్తుంది. నాది 24 పదాల వాలెట్, దానికి తోడు పాస్‌ఫ్రేజ్ అనే అదనపు రహస్య వాక్యం కూడా పెట్టుకున్నాను, కొందరు దాన్ని 25వ పదం అంటారు. మామూలు పాస్‌వర్డ్ తప్పయితే తప్పు అని చెబుతుంది. ఇది చెప్పదు. ఏం కొట్టినా ఒక వాలెట్ తెరుచుకుంటుంది, తప్పు కొడితే అది ఖాళీ వాలెట్. ఏడాది తర్వాత తెరిస్తే సున్నా. నాకు వాక్యం గుర్తుంది, కానీ మొదటి అక్షరం పెద్దదా చిన్నదా, మధ్యలో ఖాళీ ఉందా లేదా గుర్తు లేదు. ఒక ఆదివారం అంతా కాగితం మీద ఒక్కో రకం రాసుకుని, కొట్టి, టిక్కు పెట్టుకుంటూ పోయాను. ముప్పై ఒకటోసారి తగిలింది. చివర్లో ఒక చుక్క పెట్టానట.

పాస్‌ఫ్రేజ్ పెట్టుకునేవాళ్లు దాన్ని కూడా రాసి ఉంచండి, పదాలు ఉన్న చోట కాకుండా వేరే చోట. తెలుగు లిపిలో పెట్టుకుందామని మాత్రం అనుకోకండి. చాలా పరికరాల్లో తెలుగు కొట్టే వీలే ఉండదు.

కొత్తగా_చేరా | ఉదయం 9:05

మేడమ్, తెలుగు లిపి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఇంట్లో అద్దెకున్నవాళ్లు తెలుగు రానివాళ్లు. వాళ్లకి అర్థం కాకూడదని నా 12 ఇంగ్లీషు పదాల్నీ తెలుగు లిపిలో రాసి పెట్టాను. పర్వాలేదా?

గణితం_మాస్టారు | ఉదయం 9:40

వెంటనే మార్చండి తమ్ముడూ. మీ కాగితం మీద "రైట్" అని ఉంటే అది కుడి వైపు రైటా, రాయడమనే రైటా? రెండూ జాబితాలో ఉన్నాయి. ఇవాళ మీకు గుర్తుంటుంది, పదేళ్లకి ఉండదు, మీ ఇంట్లోవాళ్లకి అసలు తెలియదు. ఆ జాబితా జపనీస్, కొరియన్, స్పానిష్, ఫ్రెంచ్ లాంటి కొన్ని భాషల్లో ఉంది, తెలుగులో లేదు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ముందు అంకె వేసి రాయండి. వరస మారినా వాలెట్ మారిపోతుంది.

పదాల్ని వెనక నుంచి రాయడం, ఆరు ఇక్కడ ఆరు అక్కడ దాచడం కూడా వద్దు. ఆరేసి విడగొడితే ఏ ఒక్క సగం పోయినా అంతా పోయినట్టే. నిజంగా పంచాలనుకుంటే అందుకని తయారైన పద్ధతులున్నాయి, మూడు భాగాల్లో ఏ రెండు ఉన్నా చాలు అనే షమీర్ బ్యాకప్ లాంటివి. మీ పరికరం దానికి పనికొస్తేనే.

బెజవాడ_బాబు | ఉదయం 11:30

కాస్త నిద్రపోయి లేచాను. ఇప్పుడు కొత్త కాగితం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. మళ్లీ బీరువాలో అంటే గుండె ఒప్పుకోవడం లేదు. లామినేషన్ చేయించనా? మా వీధి చివర స్టీలు సామాన్ల కొట్టులో గిన్నెల మీద పేర్లు వేస్తారు, అక్కడ ఒక పళ్లెం మీద చెక్కించనా?

ఇనుప_అక్షరం | మధ్యాహ్నం 12:15

అన్నా, పళ్లెం ఆలోచన మంచిదే, కొట్టువాడితో మాత్రం చెక్కించొద్దు. పదాలు చూసినవాడికి డబ్బు చూపించినట్టే. లామినేషన్ షాపు, జెరాక్స్ షాపు కూడా అంతే. పైగా లామినేషన్ మంటకి ఆగదు.

నేను ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేస్తాను. నాది ఎలా చేసుకున్నానో చెబుతాను. 304 గ్రేడు స్టీలు ముక్క, 3 ఎంఎం మందం, అరచేతి అంత. హార్డ్‌వేర్ షాపులో లెటర్ పంచ్ సెట్ అని అడిగితే ఎ నుంచి జెడ్ దాకా పెట్టెలో ఇస్తారు. 4 ఎంఎం సైజు తీసుకో. మాస్టారు చెప్పారుగా, నాలుగు అక్షరాలు చాలు. 12 పదాలకి 48 దెబ్బలు. స్కేలు పెట్టి మార్కర్‌తో గీతలు గీసుకో, కింద మందపాటి ఇనుప దిమ్మ ఉండాలి, చెక్క మీద కొడితే రేకు వంగి అక్షరం సగమే పడుతుంది. ముందు పనికిరాని ముక్క మీద పది అక్షరాలు కొట్టి చెయ్యి అలవాటు చేసుకో. ఎం, డబ్ల్యూ తలకిందులుగా పట్టుకునే ప్రమాదం ఉంది, ప్రతిసారీ చూసుకో.

అల్యూమినియం వద్దు. అది 660 డిగ్రీలకే కరుగుతుంది, ఇల్లు తగలబడితే అంత వేడి రావచ్చు. 304 స్టీలు 1400 దాకా కరగదు. బయట అమ్మే స్టీలు బ్యాకప్‌లని జేమ్సన్ లాప్ అనే ఆయన మంటలో, యాసిడ్‌లో పెట్టి, ప్రెస్ కింద నొక్కి పరీక్షించి ఫలితాలు నెట్‌లో పెట్టాడు. విడి అక్షరాలు దూర్చే రకాల కన్నా, ఒకే రేకు మీద నేరుగా కొట్టినవి బాగా నిలబడ్డాయి.

డల్లాస్_తెలుగు | మధ్యాహ్నం 1:02

ఇలాంటి స్టీలు ముక్క రెండోది కూడా చేసి వేరే ఊళ్లో పెట్టాలి. ఒకే కాలనీలో ఇద్దరు చుట్టాల ఇళ్లలో పెడితే బుడమేరుకి రెండూ ఒకటే. బ్యాంకు లాకర్ అయితే, వరదలాంటి ప్రకృతి విపత్తులో పోయినదానికి బ్యాంకు బాధ్యత ఉండదని ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది. అందుకే లాకర్‌లో కూడా స్టీలే పెట్టండి.

ఫోన్ గ్యాలరీలో, డ్రైవ్‌లో, ఈమెయిల్ డ్రాఫ్ట్‌లో మాత్రం వద్దు. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి వినియోగదారుల దాచిన నోట్లు ఎన్‌క్రిప్ట్ చేసిన రూపంలోనే దొంగలకి చిక్కాయి. తర్వాత జరిగిన చాలా వాలెట్ దొంగతనాలకి మూలం అక్కడ దాచుకున్న పదాలేనని పరిశోధకులు అనుమానిస్తున్నారు.

విశాఖ_వాణి | 23 సెప్టెంబర్ 2024, రాత్రి 10:48

ఇక్కడ రాయాలా వద్దా అని సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నాను. మా బావగారు 2021 మేలో కోవిడ్‌తో పోయారు. ఆయన దగ్గర పెన్‌డ్రైవ్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్ ఉండేది. అక్కకి తెలిసింది ఒక్కటే, "ఇందులో మన డబ్బులున్నాయి" అని ఆయన ఒకసారి చెప్పిన మాట. మూడుసార్లు తప్పు పిన్ కొడితే అంతా చెరిపేసుకునే రకం అది. పెళ్లి రోజు ఒకసారి కొట్టాం, బాబు పుట్టిన రోజు ఒకసారి. మూడోసారి కొట్టలేదు. అక్క దాన్ని తాళిబొట్టు పెట్టెలో పెట్టుకుంది.

పదాల కాగితం కోసం ఇల్లంతా వెతికాం. పుస్తకాల మధ్య, దేవుడి పటాల వెనక, పాలసీల ఫైళ్లలో. ఎలాంటి కాగితం కోసం వెతకాలో కూడా మాకు సరిగ్గా తెలియదు.

గణితం_మాస్టారు | రాత్రి 11:15

వాణి గారూ, మూడోసారి కొట్టకుండా ఆపడం మంచి పని చేశారు. అయితే ఒక విషయం తెలుసుకోండి. ఆ పరికరం చెరిగినా, పదాలు దొరికితే డబ్బు వస్తుంది. డబ్బు పరికరంలో లేదు, దాన్ని కదిపే తాళంచెవి ఆ పదాల నుంచి పుడుతుంది. వెతకాల్సింది పరికరంతో పాటు పెట్టెలో వచ్చే చిన్న అట్ట. 1 నుంచి 24 దాకా అంకెలు, ఎదురుగా చేతిరాతతో మామూలు ఇంగ్లీషు పదాలు. అట్ట మీదే రాయాలని లేదు, డైరీ వెనక పేజీ కావచ్చు, పాత క్యాలెండర్ వెనక కావచ్చు. ఆయన వస్తువులు ఆఫీసు నుంచి డబ్బాలో వచ్చి ఉంటే అది కూడా తీసి చూడండి. ఆ పరికరం అసలు పెట్టె ఉందా?

విశాఖ_వాణి | రాత్రి 11:31

ఆఫీసు డబ్బా ఒకటి ఉంది. అక్క ఇంతవరకూ తెరవలేదు. తెరవడం తన వల్ల కాలేదు. ఈ ఆదివారం నేను వెళ్లి పక్కన కూర్చుంటాను.

బెజవాడ_బాబు | 29 సెప్టెంబర్ 2024, సాయంత్రం 6:50

వాణి గారూ, ఈ రోజు మీ గురించే అనుకుంటున్నాం.

మా సంగతి చెబుతాను. ఇనుప_అక్షరం అన్న ఆటోనగర్ నుంచి తనే రెండు స్టీలు ముక్కలు కోసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. పంచ్‌లు ఇచ్చి, కొట్టేటప్పుడు నేను ఇక్కడ ఉండను అని బయటికి వెళ్లిపోయాడు. 48 దెబ్బలు ఒకటి, 48 దెబ్బలు ఇంకోటి. ఒక ముక్క తెనాలిలో మా అత్తగారింట్లో ఉంది.

నిన్న మా ఆవిడకి ఖాళీ ఫోన్ ఇచ్చి, నేను పక్క గదిలో కూర్చున్నాను. స్టీలు ముక్క చూసి తనే యాప్ దించుకుని, నాలుగు అక్షరాల నుంచి పదం వెతుక్కుని, వాలెట్ తెచ్చింది. 25 నిమిషాలు పట్టింది. ఒక్కచోట ఆగింది, నేను హెచ్ అని కొట్టింది ఎన్‌లా కనిపించిందట. అది మళ్లీ కొట్టాను. ఏ యాప్, ఏ దారి, పాస్‌ఫ్రేజ్ లేదు అన్న విషయాలు పదాలు లేకుండా విడిగా ఒక కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పెట్టాం.

ఒక్క సందేహం. పాత వాలెట్ ఖాళీ అయిపోయింది కదా, ఆ తడిసిన కాగితం చింపెయ్యనా?

గణితం_మాస్టారు | రాత్రి 7:25

ఉంచండి. పాత చిరునామా ఎవరి దగ్గరైనా ఉండి, దానికి ఏమైనా పంపితే ఆ పదాలే కావాలి. కొత్తదానితో కలవకుండా మీద "పాతది, ఖాళీ, సెప్టెంబర్ 2024" అని రాయండి.

బెజవాడ_బాబు | రాత్రి 7:40

రాశాను. బాల్‌పెన్నుతో.

విశాఖ_వాణి | రాత్రి 9:55

డబ్బా తెరిచాం. బావగారి డైరీలు మూడు ఉన్నాయి, 2019 నుంచి 2021 దాకా. అక్క మొదటిది చదువుతోంది. ఇప్పుడే పేజీలు తిప్పి వెతకాలని లేదు, మొత్తం చదువుతానంది. దొరికితే ఇక్కడ చెబుతాను.